రాస్ హిల్ పేరులోని రాస్‌లు ఎక్కడివాళ్లు?

వన్‌టౌన్ ఆడపడుచు:

అందరికీ నమస్కారమండి. నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో, కోటవీధిలో. నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. పెళ్లయ్యాక మహారాణిపేట వచ్చేశాను గానీ డిసెంబరు ఎనిమిదో తారీఖు వస్తే కాళ్లు మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్ కొండ వైపే లాగుతాయి.

మేం హిందువులం. మా అమ్మ మార్గశిర గురువారాలు తెల్లారకుండానే బురుజుపేట వెళ్లి కనకమహాలక్ష్మి అమ్మవారికి పసుపూ కుంకుమా సమర్పించి వచ్చేది. డిసెంబరు ఎనిమిదిన మేరీమాత పండక్కి నా చెయ్యి పట్టుకుని రాస్ హిల్ ఎక్కించేది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే మొక్కుకుందట. కొండ మీద ఆ సముద్రపు గాలికి కొవ్వొత్తి నిలవదు. అమ్మ నన్ను గోడవైపు నిలబెట్టి, కొంగు రెండు చేతులతో తెరలా పట్టుకుని, "ఇప్పుడు వెలిగించు, బేగి" అనేది. రెండుసార్లు ఆరిపోయి మూడోసారి నిలిచేది. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు నేనూ అలాగే కొంగు అడ్డం పెట్టుకుని వెలిగిస్తున్నాను.

అసలు విషయానికి వస్తాను. మా అమ్మాయి స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ అనే ఊళ్లో నర్సు. ఈసారి పండగనాడు కొండ మీంచి ఫోటో తీసి పంపితే తన వార్డులో చూపించిందట. తనతో పనిచేసే ఒకావిడ ఇంటిపేరు రాస్. కొండ పేరు వినగానే ఆవిడ నమ్మలేకపోయిందట. "మీ ఊరి కొండకి మా ఇంటిపేరు ఎలా వచ్చింది, మీ అమ్మగారిని అడుగు" అందట. యాభై ఏళ్లుగా ఆ కొండ ఎక్కుతున్నదాన్ని, ఒక్కరోజైనా ఆ మాట ఆలోచించలేదు. అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక చాలా బాధనిపించింది.

మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే కదా. మా పెదనాన్న మా ఇంటిపేరువాళ్లు ఏ ఊరి నుంచి ఎప్పుడు కదిలారో వేళ్లు మడిచి చెప్పేవారు. అక్కడా అంతేనా? రాస్ అంటే ఏమిటి? రాస్‌లందరూ ఒకటే వంశమా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా రాయండి. అమ్మాయికి చదివి వినిపించాలి.

పాత పోస్టాఫీసు వీధి:

అక్కా, కొండ సంగతి వరకు నేను చెప్తాను. 1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే తర్వాత ప్రార్థనాలయం అయింది. ఇల్లు పోయినా ఇంటాయన పేరు కొండకి ఉండిపోయింది. వరసలో పక్క కొండ దర్గాది, ఆ తర్వాతది వెంకటేశ్వరస్వామిది. స్వామి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే కెప్టెన్ కట్టించాడని చెప్తారు. రెండేళ్ల తేడాలో ఒక దొర ఇంటి పునాది ఒక కొండ మీద, ఇంకో దొర కట్టించిన గుడి ఇంకో కొండ మీద. మన వన్‌టౌన్ అంటే నాకు అందుకే అంత ఇష్టం.

స్కాట్లాండ్ సంగతి ఇంజనీరుగారు చెప్పాలి. ఆయన అక్కడ పనిచేశారు. ఈ ప్రశ్న ఆయనకి పంపిస్తున్నాను.

గాజువాక ఇంజనీర్:

అమ్మా, తమ్ముడు పంపితే చూశాను. రాత్రి కూర్చుని రాస్తున్నాను, కొంచెం పొడవైనా చదవండి. ఈ పేరు మీద నాకు మమకారం ఉంది.

నేను మెరైన్ ఇంజనీర్‌ని. ఓడల్లో చేసి, తర్వాత ఆయిల్ రిగ్గుల మీదికి వెళ్లాను. ఒక రిగ్గు రిపేరు పని మీద స్కాట్లాండ్ ఉత్తరాన క్రోమార్టీ ఫర్త్‌లో ఏడు నెలలున్నాను. ఫర్త్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. రూము ఇన్వర్‌గార్డన్‌లో. మీ అమ్మాయి ఊరి నుంచి రైల్లో గంట ప్రయాణం. ఆ ప్రాంతం పేరే ఈస్టర్ రాస్, అంటే తూర్పు రాస్. అంటే రాస్ ముందు నేల పేరు, ఆ తర్వాతే మనుషుల పేరు. మన ఇంటిపేరు లెక్కే.

మొదటిరోజు బోటులో రిగ్గు దగ్గరికి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే ఒళ్లు జలదరించింది. సముద్రంలోంచి లోపలికి వచ్చే దారి సన్నం. అటొక కొండ, ఇటొక కొండ కాపలా కాస్తున్నట్టు ఉంటాయి. వాటిని సూటర్స్ అంటారు. మన యారాడ కొండ పక్కనుంచి ఓడ హార్బరులోకి వచ్చే దృశ్యం రాస్ హిల్ మీంచి చూసినవాళ్లకి నేను ఏం చెప్తున్నానో వెంటనే అర్థమవుతుంది. ఇంటికి దూరంగా ఆ చలిలో నాకు ధైర్యం ఇచ్చింది ఆ రెండు కొండలే.

మా ఫోర్‌మన్ ఇంటిపేరు కూడా రాసే. ఒకరోజు టీ టైములో అంటే ఏమిటని అడిగాను. ఆయన సుద్దముక్క తీసి స్టీలు ప్లేటు మీద ఒక గీత గీశాడు. నిటారుగా తీరం, మధ్యలో ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన నేల. ఆ ముక్కు మీద వేలు పెట్టి "రోస్" అన్నాడు. అది వాళ్ల పాత భాష గేలిక్ మాట. సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండచరియ, భూశిరం. నేను ఆ సుద్దముక్క తీసుకుని దాని పక్కనే మన తీరం గీసి, హార్బరు పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ గీసి చూపించాను. ఆయన చాలాసేపు రెండు బొమ్మలూ చూశాడు. ఆ ప్లేటు వెల్డింగుకి వెళ్లేలోపు ఫోటో తీసుకోవాలని నాకు తోచలేదు, ఆ లోటు ఇప్పటికీ ఉంది.

ఆ ఈస్టర్ రాస్ నేల కొసన టార్బట్ నెస్ అని ఒక కొన ఉంది. దాని మీద తెల్లటి ఒంటికి ఎర్ర పట్టీలున్న లైట్‌హౌస్. అక్కడి నెస్ గేలిక్ కాదు, వైకింగులు మాట్లాడిన నార్స్ భాషలోది. అర్థం మాత్రం అదే, భూశిరం. ముక్కు అనే మాటకి అది దగ్గరి చుట్టం. అంటే వాళ్లకీ తీరం ముక్కులాగే కనపడింది, మనకి డాల్ఫిన్ ముక్కులా కనపడినట్టు. అన్నట్టు, మీ అమ్మాయి ఊరి పేరులోని నెస్ మాత్రం ఇది కాదు. అది నెస్ అనే నది. ఇన్వర్ అంటే నది సముద్రంలో కలిసేచోటు.

ఇక వంశం. ఫెర్‌కర్ అనే ఆయనతో మొదలుపెడతారు. ఆయన్ని "పూజారి కొడుకు" అనే అర్థం వచ్చే గేలిక్ పేరుతోనే రాసుకున్నారు. 1215లో ఉత్తరాది తిరుగుబాటును అణచి, రాజు రెండో అలెగ్జాండర్ దగ్గర నైట్ బిరుదు పొందాడు. తర్వాత ఎర్ల్ ఆఫ్ రాస్ అయ్యాడు. ఎర్ల్ అంటే మన లెక్కలో పెద్ద సంస్థానాధీశుడు అనుకోండి. ఫియర్న్ అనేచోట మఠం స్థాపించాడు. రైలు ఆగే స్టేషన్లలో ఫియర్న్ కూడా ఒకటి.

వాళ్ల క్లాన్‌కి గేలిక్‌లో ఉన్న పేరు రాస్ కాదు, క్లాన్ ఆండ్రియాస్. క్లాన్ అంటే సంతానం అని అర్థం. ఆండ్రూ స్కాట్లాండ్‌ని కాపాడే పునీతుడు. ఆ పేరు నుంచే గిలాండర్స్ అనే ఇంటిపేరు కూడా వచ్చింది, ఆండ్రూ సేవకుడు అని. మన వైపు ఇంటింటా ఒక అప్పన్న, ఒక సింహాచలం, ఒక సింహాద్రి ఉన్నట్టే. దేవుడి పేరు మనిషికి, మనిషి పేరు వంశానికి పాకింది.

1372లో ఎర్ల్ విలియం పోయేటప్పటికి కొడుకు మిగల్లేదు. సంస్థానం కూతురు యూఫీమియాకి వెళ్లింది. క్లాన్ పెద్దరికం తమ్ముడు హ్యూకి వెళ్లింది. నేల ఒకరికి, పేరు ఒకరికి. ఆ నేల కోసం తర్వాత 1411లో హార్లా దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. హ్యూ సంతతి బాల్నగౌన్ కోటలో ఉండి క్లాన్‌ని నడిపించింది.

కానీ అమ్మా, నేను చెప్పాలనుకున్నది కోటల గురించి కాదు. ఎర్ల్ రక్తం పంచుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ నేల దున్నుకున్నవాళ్లు, పశువులు కాసుకున్నవాళ్లు, చేపలు పట్టుకున్నవాళ్లు వేలమంది. వాళ్లు తరతరాలుగా "ఫలానావాడి కొడుకు ఫలానావాడు" అని చెప్పుకునేవాళ్లు. స్థిరమైన ఇంటిపేరు కావాల్సి వచ్చినప్పుడు ఉన్న నేల పేరే, ఆ నేల పెద్ద పేరే పెట్టుకున్నారు. ఇవాళ కనపడే రాస్‌లలో ఎక్కువమంది వాళ్ల పిల్లలే.

ఆ నేల నుంచే వాళ్లని గెంటేశారు. గొర్రెల పెంపకంలో కౌలు ఎక్కువ వస్తుందని భూస్వాములు ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. ఒక ఆదివారం ఫోర్‌మన్ నన్ను కారులో క్రోయిక్ అనేచోటికి తీసుకెళ్లాడు. లోయలో చిన్న చర్చి. 1845 మేలో గ్లెన్‌కాల్వీ లోయ నుంచి వెళ్లగొట్టిన కుటుంబాలు ఆ చర్చి ఆవరణలో, బయట, గుడ్డలు కప్పుకుని తలదాచుకున్నాయి. వాళ్లు కిటికీ అద్దాల మీద గీసిన రాతలు ఇప్పటికీ ఉన్నాయి. అద్దాలు డైమండ్ ఆకారంలో చిన్న చిన్నవి. ఎండ పక్కనుంచి పడితేనే గీతలు కనపడతాయి. నేను తల వంచి, మెడ పక్కకి తిప్పి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడ చర్చి ఆవరణలో ఉన్నారని, తారీఖు వేసి మరీ రాశారు. ఒకచోట తమని తామే "దుష్ట సంతతి" అని రాసుకున్నారు. ఇల్లు పోయినవాడు, ఇది నా పాపఫలమే కాబోలు అనుకున్నాడు. ఆ మాట చదివాక నేను బయటికి వచ్చి కాసేపు గోడ మీద కూర్చున్నాను.

తొమ్మిదేళ్లకి, 1854లో, పక్కనే గ్రీన్‌యార్డ్స్‌లో ఖాళీ చేయించడానికి వచ్చిన పోలీసులకి ఆడవాళ్లు ఎదురు నిలబడ్డారు. పోలీసులు లాఠీలతో ఆ ఆడవాళ్ల తలలు పగలగొట్టారు. దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది ఇంటిపేరు రాస్. దాన్ని "రాస్‌ల ఊచకోత" అని చెప్పుకున్నారు. అలా కదిలినవాళ్లే కెనడా, ఆస్ట్రేలియా, ఎక్కడెక్కడికో చేరారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఇన్వర్‌గార్డన్ దగ్గర్లోనే ఫైరిష్ కొండ ఉంది. దాని శిఖరం మీద రాతి కమానులు, దూరానికి కోట గుమ్మంలా కనపడతాయి. అది నాగపట్నం కోట గుమ్మం నమూనా. హెక్టర్ మన్రో అనే ఆ ప్రాంతపు సేనాని 1781లో డచ్చివాళ్ల నుంచి నాగపట్నం గెలిచి, ఊళ్లో పనిలేనివాళ్లకి కూలి దొరకాలని దాన్ని కట్టించాడంటారు. రాస్ సీమలో ఒక కొండ మీద మన తూర్పు తీరపు కోట గుమ్మం, మన తూర్పు తీరంలో ఒక కొండ మీద రాస్ పేరు. మీ అమ్మాయిని సెలవురోజు ఆ కొండ ఎక్కమనండి. రైలు దిగాల్సింది ఆల్‌నెస్‌లో.

తాళపత్రం:

ఇంజనీరుగారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. క్రోయిక్ అద్దాల దగ్గర నాకూ గొంతు పట్టేసింది. నేను చరిత్ర పాఠం చెప్పుకునేవాణ్ణి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి.

రాస్‌లందరూ ఆ నేల నుంచి వచ్చినవాళ్లు కారు. ఇంగ్లండులో యార్క్‌షైర్ తూర్పున రూస్ అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు మీద "ద రోస్" అని నార్మన్ ప్రభువుల కుటుంబం ఒకటి ఉండేది. అదే పేరుతో గాడ్‌ఫ్రే అనే ఆయన 12వ శతాబ్దంలో స్కాట్లాండ్ దక్షిణాన ఏర్‌షైర్‌లో భూములు సంపాదించాడు. హాక్‌హెడ్ రాస్ ప్రభువులు ఈ దక్షిణాది పాయకి చెందినవాళ్లు. ఉత్తరాది క్లాన్‌తో వీళ్లకి చుట్టరికం లేదు. జర్మనీలో రాస్ అనే ఇంటిపేరు ఉంటే అది గుర్రం అనే మాట నుంచి రావచ్చు. మనకి ఇది కొత్త కాదు కదా. ఒకే ఇంటిపేరు రెండు కులాల్లో, నాలుగు గోత్రాల్లో ఉంటుంది. పెళ్లి సంబంధాలప్పుడు ఇంటిపేరు కలిసిందని ఆగిపోం, గోత్రం అడుగుతాం.

అందుకే మన కొండాయన్ని పేరు చూసి స్కాట్లాండ్‌వాడు అనేయకూడదు. కొన్నిచోట్ల ఆయన్ని "మోంస్యూర్ రాస్" అని రాశారు. మోంస్యూర్ అంటే ఫ్రెంచివాళ్లు మగవాళ్ల పేరు ముందు పెట్టే గౌరవ పదం. మనకి పక్కనే యానాం ఉంది. ఆ ఒక్క మాట వల్లే నేను తొందరపడను. నిజంగా తేల్చుకోవాలంటే దారి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల రిజిస్టర్ల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు వరస గుర్తు ఎన్/2. అందులో 1864కి అటూ ఇటూ పదేళ్లు విశాఖపట్నం పేజీలు చూడాలి.

రాస్ సీమవాళ్లు మన తెలుగు నేలకి వచ్చారనడానికి మాత్రం గట్టి ఉదాహరణ ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ. ఆయన పుట్టింది లూయిస్ దీవిలో స్టోర్నవేలో. ఆ దీవి అప్పుడు రాస్ జిల్లాలో భాగం. కావలి బొర్రయ్య లాంటి మనవాళ్లని తోడు పెట్టుకుని ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించాడు. మన ఊళ్ల పేర్లు, వంశాల కథలు పోకుండా దక్కించినవాడు ఆ సీమవాడే. ఈ చర్చలో ఆయన పేరు రాకపోతే తప్పవుతుంది.

సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా జాడ పట్టిన రోనాల్డ్ రాస్‌ని కూడా ఎవరైనా గుర్తుచేస్తారని చూశాను. పుట్టింది అల్మోరాలో. మన వన్‌టౌన్ కొండకి ఆయనకి సంబంధం లేదు. చాలామంది కలిపేస్తుంటారు, అందుకని చెప్తున్నాను.

వన్‌టౌన్ ఆడపడుచు:

మాస్టారూ, ఇంజనీరుగారూ, తమ్ముడూ, మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి అమ్మాయికి ఫోనులో మొత్తం చదివి వినిపించాను. క్రోయిక్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తను ఆ రాస్ ఆవిడకి ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ వాళ్లది టెయిన్ ఊరు, ఉత్తరాది రాస్‌లే. ఆవిడకి భూశిరం సంగతి తెలుసుట గానీ మన డాల్ఫిన్ నోస్ ఫోటో చూసి మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూసుకుందట.

ఆవిడ ఇంకో మాట చెప్పిందట, అది నిజమేనా? అక్కడ పెళ్లయిన ఆడవాళ్ల సమాధి మీద పుట్టింటి పేరే చెక్కుతారట?

గాజువాక ఇంజనీర్:

నిజమే అమ్మా. స్కాట్లాండ్‌లో పాత రికార్డుల్లో పెళ్లయిన ఆడమనిషిని పుట్టింటి పేరుతోనే రాసేవాళ్లు, ఫలానావాడి భార్య అని పక్కన పెట్టేవాళ్లు. సమాధుల మీద నేను స్వయంగా చూశాను. 1855 జనవరి 1 నుంచి అక్కడ ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు మొదలయ్యాయి. వాటిలో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. వంశం వెతుక్కునేవాళ్లకి అది పెద్ద ఆధారం. ఊరంతా రాస్‌లే అయినప్పుడు ఈ రాస్ ఎవరో తేలేది తల్లి పేరుతోనే.

పిల్లల పేర్లకీ ఒక వరస ఉండేది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే.

వన్‌టౌన్ ఆడపడుచు:

ఇంజనీరుగారూ, మీరు రాసింది చదివాక పొద్దున్న నుంచి ఒకటే ఆలోచన. నాన్న వైపు ఏడు తరాలు పెదనాన్న నోటి నుంచి విన్నాను. అమ్మ పుట్టింటి పేరు తెలుసు గానీ, అది ఏ ఊరి పేరో, వాళ్లు అనకాపల్లికి ఎక్కడి నుంచి వచ్చారో అమ్మని ఎప్పుడూ అడగలేదు. మా చిన్న మేనమామ ఒక్కరే మిగిలారు, ఎనభై దాటాయి. ఇందాక ఫోన్ చేసి ఆదివారం వస్తున్నానని చెప్పాను. ఎందుకే అన్నారు. మీ ఇంటిపేరు సంగతి రాసుకోవడానికి మావయ్యా అంటే, "అయితే నోటుబుక్కు పెద్దది తెచ్చుకో" అన్నారు.